అచ్చులేని మంత్రం: టీకా, తాత్పర్య, విశేష సహితం

మూలం

ఆ. కొత్త యంత్రమందు గొలువుండె ముందుగా
నెలకు గడువు పెట్టి నిలుచు నతిథి;
యచ్చులేని మంత్రమరయంగ నిరువది
యైదు కీలు నొక్కి యలసె నతడు.

అవతారిక

మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని కొలచాల మల్లినాథసూరి తనకు తానే కట్టుబాటు పెట్టుకున్నాడు. ఆయనది మెదక్ జిల్లా కొల్చారం. హైదరాబాద్ టోలిచౌకిలో పొద్దున బయల్దేరితే ఆ ఊరు చూసి సాయంత్రానికి ఇంటికి చేరొచ్చు. అంత దగ్గరి మహానుభావుడి మాట కాదనడం మర్యాద కాదు. అందుకని ప్రస్తుత వ్యాఖ్యాత మొదట మూలం కోసం వెతికాడు. కొత్త కంప్యూటర్లో పాత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మీద పూర్వకవులెవరూ పద్యం చెప్పలేదు. చేసేది లేక పై ఆటవెలది తానే కట్టి, దానికి తానే టీకా రాస్తున్నాడు. దాంతో మొదటి నియమం నెగ్గింది. రెండోది నెగ్గిందో లేదో చదువరులే చూస్తారు.

వ్యాఖ్యానమన్నాక ఒక అవసరం ఉండాలి. దుర్వ్యాఖ్యల విషం తలకెక్కి సొమ్మసిల్లిన కాళిదాసు వాక్కును బతికించాలని మల్లినాథుడు సంజీవని రాశాడు. మనుచరిత్ర చదివేవాళ్లకు బోధపడాలని సి.పి. బ్రౌన్ జూలూరి అప్పయ్య పండితుడి చేత వ్యాఖ్య రాయించి 1851లో అచ్చు వేయించాడు. ఇక్కడి అవసరం అంత గొప్పది కాదు గానీ, చిరాకు మాత్రం గొప్పదే.

కొత్త ల్యాప్‌టాప్ తెర ఈ మధ్య ఆస్థాన కవుల్ని మించిన వినయంతో మాట్లాడుతోంది. 'మీ పరికరాన్ని సిద్ధం చేయడం పూర్తి చేద్దాం' అంటుంది. కింద రెండు మీటలుంటాయి. ఒకటి 'కొనసాగించు', రెండోది 'మూడు రోజుల్లో గుర్తుచేయి'. 'వద్దు' అనే మీట లేదు. డబ్బు కట్టి కొన్నవాడు తన సొంత యంత్రంతో వద్దు అనాలంటే సెట్టింగ్స్ అనే అరణ్యపర్వంలోకి వెళ్లాలి. వినయం పెరిగి వినడం తగ్గిన ఈ భాషకు దాని ధోరణిలోనే జవాబివ్వడం న్యాయం కాబట్టి ఈ టీకా.

ప్రతిపదార్థం

తేలిక మాటలకు నాలుగేసి పర్యాయపదాలిచ్చి, చిక్కు పద్యం రాగానే 'స్పష్టము' అని ఒక్క ముక్కతో తప్పుకోవడం టీకాకారులకు పాతకాలం నుంచీ ఉన్న అలవాటు. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ విద్యను చక్కగా అందిపుచ్చుకున్నారు. ఇన్‌స్టాలేషన్ ముప్పాతిక దాకా నడిచి ఆగిపోతే తెర మీద పడే వాక్యం 'సమ్‌థింగ్ వెంట్ రాంగ్'. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఎవరి వల్ల జరిగింది? స్పష్టము. ఈ వ్యాఖ్యాత తేలిక మాటలు వదిలేసి కష్టమైనవే పట్టుకుంటాడు.

ముందుగా = కొన్నవాడు పెట్టె విప్పకముందే. పద్యానికి ప్రాణం ఈ మాటే. ట్రయల్ సాఫ్ట్‌వేర్ యజమాని పిలిస్తే వచ్చింది కాదు. దాన్ని ముందే ఎక్కించినందుకు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీల నుంచి కంప్యూటర్ తయారీదారులకు సొమ్ము ముడుతుంది. అంటే మన బల్ల మీదికి రాకముందే మన తెర మీద జాగా ఒకసారి అమ్ముడైపోయింది. 2008 మార్చిలో సోనీ ఈ తర్కాన్ని చివరిదాకా లాగింది. తన వయో ల్యాప్‌టాప్‌లలో ఈ అదనపు సరుకు లేకుండా ఇవ్వడానికి 'ఫ్రెష్ స్టార్ట్' అని పేరు పెట్టి 49.99 డాలర్లు అడిగింది. ఏదీ ఇవ్వనందుకు రుసుము! జనం విరుచుకుపడ్డాక ఆ రుసుము ఎత్తేసింది. ఆలంకారికులు దీనికి పేరు పెట్టలేదు. అభావానికి వెల కట్టే అలంకారం వాళ్ల కాలంలో ఇంకా పుట్టలేదు.

ముందే కొలువుండే సరుకులో అన్నీ ఇంత నవ్వులాటగా ఉండవు. లెనోవో ల్యాప్‌టాప్‌లలో ముందుగా ఎక్కించిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం భద్రమైన వెబ్ సంబంధాల మధ్యలో కూడా దూరుతోందని 2015 ఫిబ్రవరిలో బట్టబయలైంది. అమెరికాలో ఆ కేసు 2017లో రాజీకి వచ్చింది. 32 రాష్ట్రాలకు లెనోవో 35 లక్షల డాలర్లు కట్టింది.

నెలకు = ఇక్కడ పాఠభేదం ఉంది. ఆఫీస్ 2007 కాలం నాటి ప్రతుల్లో గడువు 60 రోజులు. అర్వాచీన ప్రతుల్లో మైక్రోసాఫ్ట్ 365కి ఒక నెల. 2010లో 'స్టార్టర్' అని మరో పాఠం బయల్దేరింది. దాంట్లో గడువు లేదు గానీ వర్డ్, ఎక్సెల్ రెండూ కత్తిరించినవి, పక్కన ఒక ప్రకటన. గడువు దాటితే ఏమవుతుందన్న దాంట్లో మాత్రం పాఠభేదం లేదు. మన ఫైలు మనకు కనిపిస్తుంది, ప్రింటు తీసుకోవచ్చు, మార్చబోతే వేలు కదలదు. మన అక్షరాలకు మనమే దర్శనానికి వచ్చిన భక్తులం.

నిలుచునతిథి = ఉదంత తద్ధర్మార్థక విశేషణానికి అచ్చు పరమైతే నుగాగమం వస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో అచ్చయిననాటి నుంచి పిల్లలు దీన్ని వల్లిస్తున్నారు. ఆగమం మిత్రుడిలా పక్కన వచ్చి చేరుతుంది, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని తోసేసి దాని చోట కూర్చుంటుంది అని వైయాకరణులు రెండింటికీ తేడా చెబుతారు. మన ట్రయల్ ఆగమంలా పరిచయం చేసుకుని ఆదేశంలా కాపురం పెడుతుంది.

దీనికి ప్రమాణం ఉంది. ఆఫీస్ 2007 కేవలం 32 బిట్. 64 బిట్ రూపం 2010తో మొదలైంది గానీ, అప్పటికీ డిస్కు పెడితే తనంత తానుగా ఎక్కేది 32 బిట్టే. 2019 నుంచి మైక్రోసాఫ్ట్ 64 బిట్‌ను సహజస్థితి చేసింది. కొత్త యంత్రంలో కొలువుండేది ఆ జాతి. ఒకే యంత్రంలో ఈ రెండు జాతుల ఆఫీసులు పొసగవు. పాత డిస్కు పెట్టగానే సెటప్ ఆగిపోయి, ముందు ఉన్నదాన్ని తీసేసి రమ్మంటుంది. అసలు డిస్కు పెట్టడానికి కొత్త ల్యాప్‌టాప్‌లో గాడి ఉంటేగా! పక్కింటి నుంచి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ అరువు తేవాలి, లేదా ఇంకో కంప్యూటర్లో డిస్కును పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవాలి. పిలవని అతిథిని సాగనంపబోతే ఒక్కోసారి అతను ఒక్కడు కాదని తెలుస్తుంది. కొన్ని యంత్రాలలో అదే ఆఫీస్ నాలుగైదు భాషల పేర్లతో విడివిడి వరసల్లో ఉంటుంది. ఒక్కోదాన్నీ విడిగా తీయాలి.

అతడు = ఎవరు? ఇక్కడ వ్యాఖ్యాతల్లో ఏకాభిప్రాయం లేదు. ఆడిటర్ దగ్గర గుమస్తా అని కొందరు, ట్యూషన్ మాస్టారని కొందరు అంటారు. టోలిచౌకిలో అద్దెకుండి, షేక్‌పేట మీదుగా ఫిల్మ్‌నగర్‌కి పనికి వెళ్లే అసిస్టెంట్ డైరెక్టర్ అన్న పక్షమే ఈ టీకాకు సమ్మతం. ఎందుకంటే ఆ వృత్తిలో పాత ఫైళ్ల బరువు ఎక్కువ. సీన్ పేపర్లు, వన్‌లైన్ ఆర్డర్, షెడ్యూల్ షీట్లు, బౌండ్ స్క్రిప్టు, అది ఖరారయ్యే లోపు పుట్టి చచ్చిన వెర్షన్లు. ఏ నిర్మాత ఎప్పుడు 'ఆ పాత కథ ఒకసారి తీయవయ్యా' అంటాడో తెలియదు. తీయాలంటే తెరుచుకోవాలి.

ఆ ఫైళ్లలో తెలుగు యూనికోడ్ కాకముందు టైపు చేసింది చాలా ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీతో 2001లోనే గౌతమి ఫాంటు వచ్చినా, డీటీపీ సెంటర్లు చాలాకాలం 'అను' అనే పాత తెలుగు ఫాంట్లనూ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌నూ వదల్లేదు. పేజ్‌మేకర్ 7.0 కూడా ఆ 2001దే. దాని తర్వాత మరో వెర్షన్ రాలేదు. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్ లేని చోట హీరో పంచ్ డైలాగ్ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చిరాతగా కనిపిస్తుంది. పాతదాన్ని పట్టుకుని వేలాడేవాడు పిసినారి అనీ, కాలంతో నడవనివాడనీ అనుకునేవాళ్లు ఈ పేరా మళ్లీ చదవాలి. అతడి పదేళ్ల పని ఆ పాత సాఫ్ట్‌వేర్ కడుపులో ఉంది.

ఇంకో ముక్క. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. దాని ప్రాంగణం గచ్చిబౌలిలో ఉంది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీకి సీఈవో అయ్యాడు. 2022 జనవరి 1న షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచాక టోలిచౌకి గెలాక్సీ థియేటర్ దగ్గర ఎక్కినవాడు దాదాపు 2.8 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా ఆ దిక్కుగా సాగిపోవచ్చు. మంత్రం ఇచ్చేవాళ్ల గుమ్మం ఇంత దగ్గర. అయినా మంత్రం పనిచేయనప్పుడు అతడు మాట్లాడవలసి వచ్చింది ఫోన్లో ఒక రికార్డు గొంతుతో, యాభైకి పైగా అంకెలు వరసగా ఒప్పజెబుతూ.

విశేషం

అచ్చులేని మంత్రమంటే ప్రొడక్ట్ కీ. పాత ఆఫీస్ పెట్టె మీద ఐదేసి అక్షరాల ఐదు గుంపులుగా, మొత్తం 25 అక్షరాలుగా ఉండేది. ఆ పాత తాళాలు ఇంగ్లీషు అక్షరాల్లో 17, అంకెల్లో 7, మొత్తం 24 గుర్తులతోనే నడిచాయి. ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అచ్చులు ఐదూ లేవు. ఎల్, ఎన్, ఎస్, జెడ్ లేవు. సున్న, ఒకటి, ఐదు లేవు. ఓ చూసి సున్న అనుకోకుండా, ఎస్ చూసి ఐదు అనుకోకుండా, ఏవో అక్షరాలు కలిసి అనరాని మాట పుట్టకుండా ఈ ఏర్పాటు పనికొస్తుంది. మిగిలిన గుర్తులు 24. గాయత్రీ ఛందస్సుకు అక్షరాలు 24. వ్యాఖ్యాత ఇక్కడ ఒక నమస్కారం పెట్టుకుని ముందుకు వెళతాడు.

ముందుకు వెళితే కటపయాది ఎదురైంది. అక్షరాలతో అంకెలు దాచే ఆ పద్ధతిలో అచ్చుకు విలువ సున్న. నకారానికీ ఞకారానికీ విలువ సున్నే. ధీరశంకరాభరణంలో మొదటి రెండు అక్షరాలు ధీ, ర. వాటికి విలువలు 9, 2. తిరగేస్తే 29. ఆ రాగం మేళకర్తల్లో 29వది. ఇప్పుడు కంపెనీ జాబితా చూడండి. అచ్చులు తీసేసింది, ఎన్ తీసేసింది, చివరికి సున్ననే తీసేసింది. శూన్యం అనిపించుకునేవాటిని అన్నిటినీ ఏరి పారేసిందన్నమాట. విండోస్ 8 కాలంలో ఎన్ మాత్రం తిరిగొచ్చింది. రెడ్‌మండ్‌లో కటపయాది తెలిసిన మనిషి ఎవరో ఉన్నాడని ఈ వ్యాఖ్యాత అనడు. అనాలని నోరు దురద పెడుతోంది, అంతే.

ఇక 25. పాదానికి 25 అక్షరాలుండే ఛందం పేరు అభికృతి. పింగళుడి ప్రస్తారం ప్రకారం ఆ ఛందంలో 3,35,54,432 వృత్తాలకు వీలుంది. కవులు వాటిలో చేపట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చేపట్టినవాటిలో గొప్పది క్రౌంచపదం. గణాలు భ, మ, స, భ, ఆపైన నాలుగు నగణాలు, చివర ఒక గురువు. సంస్కృత లాక్షణికులు దానికి చెప్పిన విరామాలు 5, 5, 8, 7. మొదటి రెండు విరుపులూ సరిగ్గా ప్రొడక్ట్ కీ విరుపులే! తర్వాత దారులు వేరయ్యాయి. కీ ఐదైదుగానే కుంటుతుంది. క్రౌంచపదం మాత్రం అక్కడి నుంచి పద్నాలుగు లఘువులు ఒక్క ఊపున పరుగెత్తించి చివరి గురువు మీద వాలుతుంది. దాన్ని గొంతెత్తి చదివిన వాడికి తెలుస్తుంది ఆ పరుగు సంగతి. లఘువులు వరసగా రాలుతుంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. తీసుకునే లోపే పాదం ముగుస్తుంది.

ఇంకా రుచికరమైన సంగతి ఉంది. ప్రస్తారంలో ప్రతి వృత్తానికీ ఒక వరస సంఖ్య ఉంటుంది. గురువుకు సున్న, లఘువుకు ఒకటి వేసి, మొదటి అక్షరానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4 అని ఇబ్బడిస్తూ విలువలు కట్టి, కూడి, ఒకటి కలిపితే ఆ సంఖ్య వస్తుంది. క్రౌంచపదంలో లఘువులు 2, 3, 7, 8 స్థానాల్లోనూ, 11 నుంచి 24 దాకానూ ఉన్నాయి. కూడి చూసుకోండి, 1,67,76,391. ఇది క్రౌంచపదం సీరియల్ నంబరు. రెండంకెల లెక్కతో ఒక అక్షరాల వరసకు చెరగని సంఖ్య ఇవ్వడం ఛందశ్శాస్త్రానికి ఎప్పటి నుంచో తెలుసు. తేడా ఏమిటంటే, ఈ నంబరును ఎన్ని ఊళ్లలోనైనా, ఎందరైనా, ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. పాత కాగితం పోయి కొత్త కాగితం తెచ్చుకున్నా క్రౌంచపదం నడుస్తుంది. గడువు తీరిందని పద్యం చివరి గురువు దగ్గర మూగబోదు.

మూడున్నర కోట్ల లోపు వృత్తాలు కవులకు సరిపోయాయి. 24 గుర్తులతో 25 స్థానాలు నింపితే వచ్చే వరసలు 3 పక్కన 34 సున్నలు వేసినంత. అన్ని వరసల్లో ఒకటి మనదని కంపెనీ ఇచ్చింది. ఆ ఒక్కదానికే విలువ కట్టింది. దాన్ని మనం భద్రంగా దాచుకున్నాం.

యలసె నతడు

దాచుకున్నాం కదా, మరి అలసట ఎందుకు?

ఎందుకంటే తాళం మనదైనా ఏ తలుపుకు పనిచేయాలో వాళ్లు నిర్ణయిస్తారు. కొత్త యంత్రంతో పాటు వచ్చిన లైసెన్సయితే ఆ యంత్రంతోనే సహగమనం చేస్తుంది. విడిగా పెట్టెలో కొన్నది మరో యంత్రానికి మారవచ్చు. 2010లో 'ప్రొడక్ట్ కీ కార్డు' అమ్మారు. దాంట్లో డిస్కు లేదు, కార్డు మీద 25 అక్షరాలు మాత్రమే. ఒక్క యంత్రానికే అది చెల్లు. 2013లో విడిగా కొన్నదాన్ని కూడా మొదటి యంత్రానికే కట్టేశారు. ల్యాప్‌టాప్ పోతే ఆఫీసూ పోయినట్టే. కొన్నవాళ్లు గోల చేస్తే ఆ ఏడాది మార్చిలో ఆ షరతు సడలించి, యంత్రం మార్చుకోనిచ్చారు. ఈ శాఖాభేదాలు తెలిపే పెట్టె మీది అక్షరాలు ఎంత చిన్నవంటే, తాళపత్రాలు చదివే కళ్లయినా చాలవు.

న్యాయంగా రెండో పక్షం కూడా చెప్పాలి. పాత ఆఫీస్ పూర్తిగా క్షేమం కాదు. 2007కి మద్దతు 2017 అక్టోబర్ 10న ఆగింది. 2010కి 2020 అక్టోబర్ 13న, 2013కి 2023 ఏప్రిల్ 11న, 2016కీ 2019కీ 2025 అక్టోబర్ 14న ఆగింది. ఆ తర్వాత కనబడే కన్నాలకు మాటు పడదు. కన్నాలు ఎంతకాలం దాగుంటాయో చెప్పడానికి ఈక్వేషన్ ఎడిటర్ చాలు. 2000లో కట్టిన ఆ చిన్న ప్రోగ్రాంలోని లోపం 2017లో గానీ బయటపడలేదు. 2018 జనవరిలో దాన్ని ఆఫీస్ నుంచి పూర్తిగా తొలగించారు. కాబట్టి పాత ఆఫీస్ వాడేవాడు ఎవరో మెయిల్లో పంపిన ఫైళ్లను దాంట్లో తెరవకూడదు. తన పాత ఫైళ్ల వరకే వాడుకుంటే మేలు. కొత్త పనికి లిబ్రే ఆఫీస్ ఉచితం, దానికి గడువు లేదు.

ఈ వాదన విన్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ప్రమాదం గురించి అంత దిగులు ఉన్న కంపెనీ ఆ మాట సూటిగా చెప్పొచ్చు కదా? పాతది ఎక్కించబోయినవాడికి కనిపించేది ప్రమాద హెచ్చరిక కాదు, చందా కట్టమనే ఆహ్వానం.

తాత్పర్యం

పద్యానికి ఇంతవరకు వచ్చిన తాత్పర్యాలన్నిటిలోకీ ఉత్తమమైనది టోలిచౌకి సందుల్లో ఏ రిపేరు కొట్లోనైనా వినొచ్చు. అడిగినవాడి వైపు చూడకుండానే కుర్రాడు చెబుతాడు: 'పైలే ఉస్కు నికాలో సాబ్, బాద్‌మే ఇస్కు డాలో.' ముందు దాన్ని పీకేయండి, తర్వాత దీన్ని వేయండి. మల్లినాథుడి రెండు నియమాలూ ఈ ఒక్క వాక్యంలో నెగ్గాయి. అమూలకం లేదు, అనపేక్షితం లేదు.

ఆ కుర్రాడి రెండో వాక్యం వినడానికి ఇంపుగా ఉండదు. ఒరిజినల్‌తో ఈ తంటా ఎందుకు, అన్నీ నేనే వేసిస్తాను, యాక్టివేషన్ కూడా అయిపోతుంది అంటాడు. కాపీ సరుకు మాట అది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ నుంచి గల్లీ కొట్టు దాకా ఆ మాట వినని కొనుగోలుదారు అరుదు. అసలు ఫిర్యాదు ఇక్కడుంది. కీ కొననివాడికి ఏ అడ్డూ లేదు. వాడి పని చాయ్ చల్లారేలోపు అయిపోతుంది. డబ్బు కట్టి, పెట్టె దాచి, 25 అక్షరాలు తప్పు లేకుండా కొట్టినవాడే ఫోన్లో అంకెలు ఒప్పజెబుతూ తన నిజాయితీకి సాక్ష్యం చెప్పుకోవలసి వచ్చింది. పిలవకుండా వచ్చిన ట్రయల్‌ని ఎవరూ ఏమీ అడగరు. ఈ వరస దొంగతనాన్ని ఆపడానికి పెట్టిందంటే నమ్మడం కష్టం. ఒకసారి కొన్నవాడి చేత నెలనెలా కట్టించడానికి పెట్టిందంటే మాత్రం ప్రతి మెట్టూ సరిగ్గా అమరుతుంది.

కనుక కొనేవాళ్లకు మనవి. బిల్లు కట్టక ముందే కొట్లో రెండు సంగతులు అడగండి. దీంట్లో ఉన్న ఆఫీస్ ట్రయలా, శాశ్వతమా? శాశ్వతమైతే ఈ యంత్రానికే కట్టిందా, మరో యంత్రానికి మారుతుందా? జవాబు బిల్లు మీద రాయించుకోండి. పాతది ఎక్కించుకునే వాళ్లు మొదట సెట్టింగ్స్‌లో యాప్స్ వరసకు వెళ్లి ట్రయల్ ఆఫీస్‌ను, అది ఎన్ని భాషల పేర్లతో ఉంటే అన్నిటినీ తీసేసి, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ తెరిచి, ఆ తర్వాతే సెటప్ నడపండి. కీ ఉన్న కాగితాన్ని ఫొటో తీసి వేరే చోట కూడా ఉంచుకోండి. పాత 'అను' ఫాంట్ల ఫైళ్లున్నవాళ్లు అవి ఇంకా తెరుచుకుంటున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకోండి.